రాయ్‌పూర్‌లో స్వాలోటెయిల్ వేషం: చిమ్మట కోసం వెతికితే దొరికేది ఏది?

నల్లని రెక్కలు, వెనక రెక్కల అంచున ఎర్రటి మచ్చలు, కింద తోకల్లా సాగిన కొసలు. పట్టపగలు పూల చుట్టూ తాపీగా తిరిగే ఇలాంటి కీటకాన్ని చూసి సీతాకోకచిలుక అనని వాళ్లుండరు. తూర్పు హిమాలయాల్లోనో, ఈశాన్య రాష్ట్రాల కొండల్లోనో, జపాన్ అడవుల్లోనో అయితే అది చిమ్మట కావచ్చు. ఎపికోపియా అనే ప్రజాతి చిమ్మటలు స్వాలోటెయిల్ సీతాకోకచిలుకలను ఎంత దగ్గరగా పోలి ఉంటాయంటే, రెండింటినీ పక్కపక్కన పెట్టినా తేడా కోసం తల దగ్గరి మీసాలు చూడాల్సి వస్తుంది. సీతాకోకచిలుక మీసం సన్నగా సాగి చివర ఉబ్బుతుంది. ఎపికోపియా మీసం చివర ఉబ్బదు, పొడవునా రెండు పక్కలకూ పళ్లు పళ్లుగా చీలి ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ మైదానంలో ఇలాంటి చిమ్మట ఉండే అవకాశం ఎంత? నా అంచనా ముందే చెబుతాను. అవకాశం చాలా తక్కువ. కానీ అదే వేషం, అదే నలుపు ఎరుపుల వేషం, రాయ్‌పూర్ పెరళ్లలో మరో జీవి వేసుకుని తిరుగుతోంది. దాన్ని చిమ్మటల్లో వెతకడం మాని నిమ్మచెట్టు దగ్గర వెతకాలి. ఈ అంచనాకు ఆధారాలేమిటో, అవి ఎంత గట్టివో, ఎక్కడ వీగిపోవచ్చో చూడడమే ఈ వ్యాసం పని.

చిమ్మట, దాని అసలు

ఎపికోపియా పాలిడోరాను ఆంగ్ల కీటక శాస్త్రవేత్త జాన్ ఒబాడియా వెస్ట్‌వుడ్ 1841లో వర్ణించాడు. భారతదేశంలో దాని చోటు తూర్పు హిమాలయ పాదాలు, ఈశాన్య కొండలు. జపాన్‌లో దీని బంధువు ఎపికోపియా హైనెసీ ఉంది. దీనికి 1889లో పేరు పెట్టారు. ఈ చిమ్మటల కుటుంబం ఎపికోపైడే చిన్నది, ఆసియాకే పరిమితమైనది. రూపంలో సీతాకోకచిలుకలకు ఎంత దగ్గరైనా పుట్టుకలో వాటికి దూరం. జామెట్రిడ్ చిమ్మటలు, అంటే నడుము పైకెత్తి కొలిచినట్టు నడిచే లూపర్ గొంగళిపురుగులుండే కుటుంబం, వీటికి దగ్గరి చుట్టాలు. 2020లోనూ 2021లోనూ వచ్చిన జన్యు వంశవృక్ష అధ్యయనాలు ఈ కుటుంబాన్ని ఆ పెద్ద సమూహంలోనే ఉంచాయి. వాటిలో రెండోది మ్యూజియంలలో దాచిన పాత నమూనాల నుంచి డీఎన్ఏ తీసి చేసిన పని. కాబట్టి స్వాలోటెయిల్ పోలిక వీటికి వారసత్వంగా వచ్చింది కాదు, విడిగా ఏర్పడింది. పోలిక గురించిన మొదటి గట్టి ఆధారం ఇదే. అన్నదమ్ముల మధ్య పోలికకు వివరణ అక్కర్లేదు, చుట్టరికం లేని వాళ్ల మధ్య పోలికకే వివరణ కావాలి.

హైనెసీ చిమ్మట పోలిన సీతాకోకచిలుక బయాసా ఆల్సినస్. హిమాలయాల్లో అదే బయాసా ప్రజాతికి చెందిన కామన్ విండ్‌మిల్, గ్రేట్ విండ్‌మిల్ అనే సీతాకోకచిలుకలున్నాయి. పాలిడోరా చిమ్మట వాటి పక్కన ఎగురుతుంది. అక్కడే పాపిలియో జనక అనే మరో స్వాలోటెయిల్ కూడా విండ్‌మిల్ రూపంలోనే ఉంటుంది. ఒకే కొండవాలులో మూడు వేర్వేరు వంశాలు ఒకే రంగుల్లో తిరుగుతుంటాయి. బయాసా గొంగళిపురుగులు ఈశ్వరి జాతి తీగలు, అంటే అరిస్టలోకియా కుటుంబం మొక్కలు తింటాయి. ఆ మొక్కల్లో అరిస్టలోకిక్ ఆమ్లాలనే విషం ఉంటుంది. జపాన్ బయాసా ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుందని 1989లో రసాయన పరీక్షలతో చూపారు. హైనెసీ చిమ్మట గొంగళిపురుగు అరిస్టలోకియా తినదు. జపాన్‌లో మిజుకి అని పిలిచే ఒక కార్నస్ చెట్టు ఆకులు తింటుంది, ఒంటినిండా తెల్లటి మైనం పూసుకుని ఉంటుంది. అంటే చిమ్మట ఒంట్లో ఆ ప్రత్యేక విషం వచ్చే దారి లేదు, ఆ విషపు జీవి రంగులు మాత్రం ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అరిస్టలోకిక్ ఆమ్లం లేదంటే చిమ్మట రుచిగా ఉంటుందని అర్థం కాదు. చిమ్మటలకు సొంత విషాలు ఎన్నో ఉంటాయి. తినదగిన జీవి విషపు జీవిని పోలితే దాన్ని బేట్సియన్ మిమిక్రీ అంటారు. రెండూ చేదైనవే అయి, ఒకే హెచ్చరిక రంగును పంచుకుంటే ముల్లేరియన్ మిమిక్రీ. రెక్కల ఫొటో చూసి ఈ రెండిట్లో ఏదో తేల్చలేం. పుస్తకాల్లో, పోస్టర్లలో ఈ తేడా తరచూ మాయమవుతుంది. అలా మాయం కానివ్వకూడదని నా పట్టుదల.

పోలిక ఎప్పుడు సాక్ష్యమవుతుంది

హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు తిరిగి వచ్చి 1862లో మిమిక్రీ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. దాని మూలసూత్రం మనకు పరాయిది కాదు. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ వేదిక మీద ఒక నాయకుడి గొంతు పలికినప్పుడు సభ ఊగిపోయిందంటే, ఆ అసలు గొంతు ఆ సభ చెవుల్లో అప్పటికే ఉండబట్టి. కీటకాల విషయంలో సభ అంటే పక్షి. అసలు జీవిని ఒకసారి ముక్కున కరిచి, చేదు తగిలి, ఆ రంగులు గుర్తుపెట్టుకున్న పక్షి ఉన్నచోటే పోలిక పని చేస్తుంది. అసలు లేనిచోట ఆ వేషం ప్రాణం కాపాడదు, నలుగురి కళ్లలో పడేలా మాత్రం చేస్తుంది.

అందుకే మిమిక్రీ అన్న ప్రతి వాదానికీ కొన్ని ప్రశ్నలు వేయాలి. రెండు జీవులూ ఒకే చోట, ఒకే కాలంలో ఉన్నాయా? అసలు జీవి నిజంగా తినరానిదా? పక్షులు ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేయడం నేర్చుకుంటాయా? బయట, పంజరం అవతల, ఆ వేషం ఉన్నవి ఎక్కువ కాలం బతుకుతాయా?

స్వాలోటెయిల్ విషయంలో మూడో ప్రశ్నకు తొలి గట్టి జవాబు 1958లో జేన్ వాన్ జాండ్ట్ బ్రౌవర్ ఇచ్చింది. ఫ్లోరిడా స్క్రబ్ జే పక్షులను పంజరంలో ఉంచి, పైప్‌వైన్ స్వాలోటెయిల్ అనే విషపు సీతాకోకచిలుకను ముందు రుచి చూపింది. ఆ తర్వాత దాన్ని పోలిన ఇతర స్వాలోటెయిళ్లను కూడా ఆ పక్షులు వదిలేశాయి. చేదు రుచి ఎరగని పక్షులు మాత్రం వాటిని తిన్నాయి.

నాలుగో ప్రశ్నకు జవాబు ఒక చిమ్మట ద్వారానే వచ్చింది. ఇది ఆసియా కథ కాకపోయినా మన విషయానికి ఇంతకంటే దగ్గరి ప్రయోగం మరొకటి చూపలేను. అమెరికాలోని ప్రొమీథియా అనే పట్టు చిమ్మటలో మగది పగటిపూట ఎగురుతుంది, నల్లగా, పైప్‌వైన్ స్వాలోటెయిల్‌ను తలపిస్తుంది. జెఫోర్డ్స్, స్టెర్న్‌బర్గ్, వాల్డ్‌బౌవర్ ఇలినాయ్‌లో ఈ మగ చిమ్మటలకు రంగులు వేసి వదిలారు. కొన్నింటిని పసుపు చారలతో తినదగిన టైగర్ స్వాలోటెయిల్‌లా, కొన్నింటిని నారింజ రంగుతో విషపు మోనార్క్‌లా మార్చారు. కొన్నింటిని నల్లగానే ఉంచారు. ఆడ చిమ్మటలను ఎరగా పెట్టిన వలలతో తిరిగి పట్టి, ఎన్ని బతికాయో, రెక్కల మీద ఎన్ని ముక్కు గాట్లున్నాయో లెక్కగట్టారు. పసుపు వేషం వేసుకున్నవి ఎక్కువ దెబ్బతిన్నాయి. 1979లో అచ్చయిన ఈ పని నా దృష్టిలో ఈ శాస్త్రానికే గీటురాయి. శరీరం అదే, ఎగిరే తీరు అదే, మారింది రంగొక్కటే.

పోలికను చూసి మనం వేసుకున్న కథ తారుమారైన సందర్భాలూ ఉన్నాయి. మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి పట్టు పెంచేవాళ్లకూ, ఛత్తీస్‌గఢ్‌లో కోసా పట్టు పెంచేవాళ్లకూ దసలి చిమ్మట రెక్కల మీది గుండ్రటి కంటిమచ్చలు చిరపరిచితం. మద్ది చెట్ల మీద పెరిగే ఈ పురుగు రెక్కలు విప్పితే నాలుగు కళ్లు మనవైపు చూస్తున్నట్టుంటుంది. పెద్ద జంతువు కళ్లను అనుకరించడం వల్లే ఇలాంటి మచ్చలు పక్షిని బెదరగొడతాయని చాలాకాలం రాశారు. 2008లో మార్టిన్ స్టీవెన్స్ బృందం కృత్రిమ చిమ్మటలతో పరీక్షించింది. కంటి ఆకారమే ఉండక్కర్లేదు, కొట్టొచ్చినట్టు కనిపించే మచ్చ ఏ ఆకారంలో ఉన్నా పక్షులు వెనకాడాయని తేల్చింది. ఇది దసలి చిమ్మట మీద చేసిన పరీక్ష కాదు గనుక దాని మచ్చల గురించి ఇదే తుదిమాట అనను. కళ్లకు కనిపించిన పోలికను వివరణగా తీసుకుంటే ఏమవుతుందో చూపడానికి మాత్రం ఈ ఉదాహరణ చాలు.

పోలిక ఏ దిక్కున సాగిందో కూడా ముందే అనుకోకూడదు. న్యూగినీలో ఆల్సిడెస్ అగాథిర్సస్ అనే పగటి చిమ్మట ఉంది. పాపిలియో లాగ్లైజీ అనే స్వాలోటెయిల్ దాన్ని పోలి ఉంటుంది. అక్కడ అసలు చిమ్మట, వేషం సీతాకోకచిలుకది.

రాయ్‌పూర్ ఎందుకు కాదు

ఇప్పుడు మన ఊరి సంగతి. రాయ్‌పూర్ సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తున, మహానది పరీవాహకంలో, వరి మైదానం మధ్యలో ఉంది. చుట్టూ ఉన్న అడవి సాలు, టేకు, మద్ది పెరిగే ఆకురాల్చే అడవి. ఎపికోపియా దొరికే తేమ కొండలకూ దీనికీ పోలిక లేదు. కానీ ఇది బలహీనమైన వాదన. తేమ కొండల జీవులు కొన్ని తూర్పు కనుమల దాకా విడివిడి దీవుల్లా వ్యాపించిన ఉదాహరణలున్నాయి.

ఆహారపు మొక్క వాదన ఇంకా బలహీనం. చైనా, కొరియాలలో ఉండే ఎపికోపియా మెన్సియా గొంగళిపురుగులు ఎల్మ్ చెట్ల ఆకులు తింటాయి. ఎల్మ్ కుటుంబానికి చెందిన నెమలినార చెట్టు మన మైదానాల్లో రోడ్ల పక్కన పెరిగేదే. మొక్క లేదు కాబట్టి చిమ్మట లేదనడం ఇక్కడ చెల్లదు.

గట్టి వాదన వేరే ఉంది. ఆ చిమ్మట పోలే అసలు జీవులు, బయాసా విండ్‌మిల్‌లు, హిమాలయ, ఈశాన్య, తూర్పు ఆసియా జీవులు. మధ్య భారతపు మైదానాల్లో వాటి చోటులో ఉన్నది మరో ప్రజాతి. పాక్లియోప్టా అనే ఈ ప్రజాతిలో ఇక్కడి మైదానాల్లో కనిపించేది కామన్ రోజ్. దీనికీ రెక్కలు నలుపు, వెనక రెక్క మధ్యలో తెల్లమచ్చ, అంచున ఎర్రమచ్చలు, తోక. ఒళ్లు మాత్రం ఎర్రగా ఉంటుంది. దీని తోబుట్టువు క్రిమ్సన్ రోజ్, ముందు రెక్కల మీద తెల్లపట్టీలు, వెనక రెక్కల నిండా ఎర్ర చుక్కలు. క్రిమ్సన్ రోజ్ ముఖ్యంగా దక్షిణ భారతానిది, శ్రీలంకది, తూర్పు తీరం వెంట బెంగాల్ దాకా ఉంటుంది.

పక్షులకు ఇక్కడ ‘చేదు’ అని నేర్పే అసలు ఉంది. ఆ అసలును పోలే జీవి ఉండే వీలూ ఉంది. అది ఉంది కూడా.

నిమ్మచెట్టు మీది వేషధారి

కామన్ మార్మన్, శాస్త్రీయంగా పాపిలియో పాలిటెస్. నిమ్మ, బత్తాయి, కరివేపాకు, మారేడు, గొంజి చెట్లున్న ఏ పెరట్లోనైనా దీని గొంగళిపురుగులు దొరుకుతాయి. చిన్నప్పుడు పక్షి రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉంటాయి. నిమ్మతోటల రైతులు దీన్నీ, దీని దాయాది లెమన్ బటర్‌ఫ్లైనీ తెగుళ్ల జాబితాలోనే ఎరుగుదురు. దీని మగది నల్లగా, వెనక రెక్కకు అడ్డంగా తెల్లచుక్కల వరుసతో ఉంటుంది. ఆడవి మూడు రకాలు. ఒకటి అచ్చం మగదానిలా ఉండే సైరస్ రూపం. రెండోది కామన్ రోజ్‌ను పోలిన స్టికియస్. మూడోది క్రిమ్సన్ రోజ్‌ను పోలిన రోములస్.

ఈ గందరగోళానికి శాస్త్రంలోనే పెద్ద చరిత్ర ఉంది. లిన్నేయస్ 1758లో ఒకే కీటకానికి పాలిటెస్ అనీ, పామ్మన్ అనీ రెండు పేర్లు పెట్టాడు. ఆడ, మగ వేర్వేరు జాతులనుకున్నాడు. రోములస్ రూపం కూడా వేరే జాతిగానే పుస్తకాలకెక్కింది. ఇవన్నీ ఒకే జాతి ఆడ రూపాలని మలయ ద్వీపాల్లో తిరిగి వచ్చిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లో అచ్చయిన వ్యాసంలో వాదించాడు. మన పొరుగునే ఉన్న సిలోన్‌లో, అంటే ఇవాళ్టి శ్రీలంకలో, ఫ్రయర్ ఈ సీతాకోకచిలుకను తరాల వెంట పెంచి, రూపాలు మెండెల్ సూత్రాల ప్రకారం సంక్రమిస్తాయని 1913లో చూపాడు. వేషం ఉన్న రూపం ప్రబలం, మగలాంటి రూపం అంతర్గతం. మగవాటిలోనూ ఆ జన్యువు ఉంటుంది, రెక్కల మీద మాత్రం కనిపించదు.

ఇంత సంక్లిష్టమైన వేషం, రంగు, మచ్చల చోటు, అన్నీ ఒకే ముద్దగా ఎలా వారసత్వంగా వస్తున్నాయి? క్లార్క్, షెపర్డ్ అనే ఇంగ్లండు జన్యుశాస్త్రవేత్తలు పక్కపక్కనే ఉన్న కొన్ని జన్యువుల గుంపు ఒకే కట్టగా సంక్రమిస్తుందని భావించారు. 2014లో నేచర్ పత్రికలో కృష్ణమేఘ్ కుంటే, మార్కస్ క్రోన్‌ఫోర్స్ట్ తదితరులు వేరే జవాబిచ్చారు. కుంటే బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో పనిచేసే శాస్త్రవేత్త. వారి లెక్కలో ఈ వేషం వెనక ఉన్నది డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు. మామూలుగా కీటకాల్లో ఆడ, మగ తేడాలను నడిపించే జన్యువే ఇది. 2015లో జపాన్ బృందం నిషికావా తదితరులు కూడా అక్కడికే చేరారు. దాదాపు 1,30,000 బేస్ జతల ముక్క క్రోమోజోమ్ మీద తలకిందులై ఉందని, అలా తిరగబడడం వల్ల ఆ ముక్క విడిపోకుండా ఒకే కట్టగా తరాలు దాటుతోందని చూపారు. రాయ్‌పూర్ కరివేపాకు చెట్టు మీద గుడ్లు పెట్టే ఆడ మార్మన్ రెక్కల మీది తెల్లమచ్చ వెనక ఇంత కథ ఉంది.

అసలు జీవి చేదుకు సాక్ష్యం కూడా ఈ జాతి మీదే ఉంది. 1968లో ఫాన్ ఆయ్, రైక్‌స్టైన్, మిరియం రోత్‌చైల్డ్ కలిసి కామన్ రోజ్ శరీరంలో అరిస్టలోకిక్ ఆమ్లాన్ని గుర్తించారు. రైక్‌స్టైన్ 1950లో నోబెల్ అందుకున్న రసాయన శాస్త్రవేత్త. గొంగళిపురుగు ఈశ్వరి తీగ తిని ఆ విషాన్ని రెక్కలొచ్చిన దశ దాకా మోసుకొస్తుంది.

ఈశ్వరి ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. దీని వేరును పాముకాటుకు, జ్వరాలకు వాడడం మన పల్లెల్లోనూ, ఛత్తీస్‌గఢ్ అటవీ గ్రామాల్లోనూ ఉన్న అలవాటు. అరిస్టలోకిక్ ఆమ్లం మనిషి మూత్రపిండాలను పాడుచేస్తుంది. 1990ల ఆరంభంలో బెల్జియంలో బరువు తగ్గే మందుల్లో ఈ జాతి మొక్క కలిసిపోయి ఎంతోమంది మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ఆమ్లాన్ని మానవులకు క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సీతాకోకచిలుకల కోసం కంచె మీద ఈశ్వరి తీగ పాకించండి. నోట్లో మాత్రం వేసుకోకండి.

పక్షి నేర్చుకుంటుందా అన్న ప్రశ్నకు జపాన్ దక్షిణ ద్వీపాలైన ర్యుక్యూల నుంచి జవాబుంది. ఉయెసుగి అక్కడి బుల్‌బుల్ పక్షులకు, అంటే మన పిగిలిపిట్టల చుట్టాలకు, కామన్ రోజ్‌ను ఇచ్చి, తర్వాత వేషధారి మార్మన్‌ను ఇచ్చి పరీక్షించి 1996లో ప్రచురించాడు. చేదు నేర్చిన పక్షి వేషధారినీ వదిలింది. అంతకంటే విలువైనది 1991 నాటి ఆయన పని. మియాకో ద్వీపానికి కామన్ రోజ్ అప్పటికి కొద్దికాలం కిందటే వచ్చి స్థిరపడింది. అది వచ్చాక ఆ ద్వీపంలో వేషధారి ఆడవాటి నిష్పత్తి పెరిగింది. అసలు వస్తే వేషం పెరుగుతుందన్న సిద్ధాంతం ప్రకృతిలోనే, మనుషుల కళ్ల ముందు జరిగిన అరుదైన సందర్భం అది.

మరి వేషం ఆడవాటికే ఎందుకు? ఇక్కడ సాక్ష్యం అంత గట్టిది కాదు. ఒసాకి 1995లో నేచర్‌లో రాసిన దాని ప్రకారం బోర్నియోలో పట్టిన సీతాకోకచిలుకల రెక్కల మీద పక్షి ముక్కు గాట్లు మగవాటి కంటే ఆడవాటి మీదే ఎక్కువ. గుడ్లతో బరువెక్కిన ఆడది నెమ్మదిగా ఎగురుతుంది, దానికే కాపు ఎక్కువ కావాలి. ఆడవి పాత రంగు మగలనే కోరుకోవడం వల్ల మగలు మారలేదన్న వాదన 19వ శతాబ్దం నుంచే ఉంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. అయితే ముక్కు గాటు తప్పించుకున్న వాటి మీదే మిగులుతుంది, తినేసినవి లెక్కలోకి రావు. అందుకే ఈ లెక్కను నేను సూచనగానే చూస్తాను, నిరూపణగా కాదు.

ఎగిరే తీరు మీద కితమురా, ఇమఫుకు 2015లో చేసిన పని నన్ను ఎక్కువ ఒప్పించింది. వేషధారి ఆడది అసలు కామన్ రోజ్‌లా ఎగురుతుంది, మగలాంటి ఆడది అలా కాదు. తాను చేదుదాన్నని ‘చెప్పుకునే’ కీటకం తొందరపడి ఎగరకూడదు కదా.

రైలు దారి వెంట ఒక పరీక్ష

రాయ్‌పూర్ వాసులకు, ముఖ్యంగా అక్కడి తెలుగు కుటుంబాలకు, ఈ విషయంలో కలిసొచ్చేది ఒకటుంది. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా తూర్పు కనుమలను దాటి మైదానంలోకి దిగుతుంది. తీరం వైపు కొసన క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ రెండూ మామూలుగా కనిపిస్తాయి. విశాఖ పరిసరాల్లోని స్వాలోటెయిళ్ల జీవితచక్రాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పని చేశారు. మైదానం వైపు వచ్చేకొద్దీ దక్షిణాది, తీరప్రాంతపు క్రిమ్సన్ రోజ్ పలచబడాలి. మిమిక్రీ వాదం నిజమైతే రోములస్ రూపం ఆడవి కూడా దానితోపాటే పలచబడాలి, స్టికియస్ రూపం మాత్రం కామన్ రోజ్ ఉన్నంత మేరా నిలవాలి. హిమాలయం వైపు, క్రిమ్సన్ రోజ్ పరిధి దాటాక, రోములస్ ఉండదన్నది ఇప్పటికే తెలిసిన సంగతి. మధ్యలోని ఈ పొడవైన రైలు దారి మీద ఆ జారుడు ఎక్కడ మొదలవుతుందన్నదే ఆసక్తి.

పాత ఆధారం కూడా ఒకటుంది. రాయ్‌పూర్ ఒకప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. నాగపూర్ మ్యూజియంకు చెందిన డి అబ్రూ 1931లో, అంటే ఈ రైలు మార్గం పూర్తయిన ఏడాదే, ఆ ప్రావిన్స్ సీతాకోకచిలుకల జాబితా వేశాడు. ఇవాళ్టి లెక్కను దానితో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

లెక్క ఎలా తీయాలన్నదే అసలు చిక్కు. తోటలో ఎగిరేవాటిని చూసి లెక్కపెడితే తప్పు తప్పదు. మగలాంటి సైరస్ ఆడది ఎగురుతుంటే మగదని రాసేస్తాం. వేషధారి ఆడది కళ్లలో పడుతుంది, సైరస్ పడదు. కాబట్టి వేషధారుల నిష్పత్తి అసలు కంటే ఎక్కువగా తేలుతుంది. వేషధారినే కామన్ రోజ్ అనుకుంటే తప్పు రెండో వైపు జరుగుతుంది. రెండో తప్పుకు మందు సులువు, ఒంటి రంగు చూడాలి. ఎర్ర ఒళ్లు రోజ్‌ది, నల్ల ఒళ్లు మార్మన్‌ది. రెక్కల ఫొటో ఒక్కటే తీసినవాళ్లు ఈ ఆధారాన్ని పోగొట్టుకుంటారు. పక్కనుంచి, తల, పొట్ట కనిపించేలా మరో ఫొటో తీయాలి.

మొదటి తప్పుకు మందు పెంపకమే. కరివేపాకు, నిమ్మ మొక్కల మీద గొంగళిపురుగులను ఏరి, వలగుడ్డ కప్పిన డబ్బాల్లో అదే ఆకు పెట్టి పెంచి, గూడు పగిలి బయటికి వచ్చినవాటిలో ఆడమగలను పొట్ట కొస చూసి వేరుచేస్తే, సైరస్ ఆడవి కూడా లెక్కలోకి వస్తాయి. అన్నీ ఒకే చెట్టు నుంచి తీయకూడదు. ఒక తల్లి పిల్లలన్నీ ఒకే రూపంలో రావచ్చు, వేషం జన్యువు ప్రబలమైనది గనుక. పది పెరళ్ల నుంచి రెండేసి చొప్పున తీసిన ఇరవై, ఒకే పెరటి నుంచి తీసిన ఇరవై కంటే ఎంతో ఎక్కువ చెబుతాయి. రాయ్‌పూర్‌లోనే ఉన్న ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఇది ఒక్క వానాకాలంలో అయ్యే పని. రైలు దారి వెంట ఉన్న బడుల్లో సైన్సు మాస్టార్లకూ అసాధ్యం కాదు. లెక్కలో కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ కనిపించిన రోజులతోపాటు వెతికినా కనిపించని రోజులనూ రాయాలి. కనిపించిన రోజులే రాస్తే, లేని జీవి లేదని ఎప్పటికీ తేలదు.

ఎపికోపియా సంగతికొస్తే, నా అంచనాను మార్చే ఆధారం ఎలా ఉండాలో కూడా చెబుతాను. మీసాల చీలికలు స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, చోటు. ఒక్క కీటకం కాక, ఒకటికి మించిన ఏడాదుల్లో, ఒకటికి మించిన చోట్ల కనిపించడం. ఒక్కటే దొరికితే అది మొక్కలతోనో, కలపతోనో ఎక్కడినుంచో వచ్చిందేమోనని ముందు అడగాలి. జూలై చివరి వారంలో ప్రపంచమంతా జరిగే నేషనల్ మాత్ వీక్‌లో తెల్లగుడ్డ, దీపం పెట్టి చిమ్మటలను నమోదు చేసేవాళ్లు రాయ్‌పూర్‌లోనూ పెరగాలని కోరుకుంటాను. కానీ ఈ చిమ్మట పగలు ఎగిరేది. దీపం దగ్గర కనిపించలేదన్నది దాని లేమికి సాక్ష్యం కాదు.

మార్మన్ల లెక్క ఎదురు తిరిగే వీలూ ఉంది. క్రిమ్సన్ రోజ్ ఒక్కటీ కనిపించని పెరళ్లలో రోములస్ ఆడవి తీరంలో ఉన్నంత నిష్పత్తిలోనే పుడుతుంటే, రెండు వివరణలు మిగులుతాయి. తీరం నుంచి మగవి మోసుకొస్తున్న జన్యువు ఎంపికను మించి లోపలికి వస్తూ ఉండాలి. లేదా ఇక్కడి పక్షులకు నలుపు మీద ఎరుపు ఏ అమరికలో ఉన్నా చాలు, కామన్ రోజ్ నేర్పిన పాఠమే రోములస్‌నూ కాపాడుతూ ఉండాలి. మొదటిదైతే మైదానంలో లోపలికి వెళ్లేకొద్దీ, మహాసముంద్ కంటే రాయ్‌పూర్‌లో, రాయ్‌పూర్ కంటే ఇంకా పడమరన, రోములస్ మెల్లగా తగ్గుతూ పోవాలి. రెండోదైతే తగ్గదు, కామన్ రోజ్ తరిగిన చోటే పడిపోతుంది. రెండూ కాకుండా, అసలు జీవులతో ఏ సంబంధమూ లేకుండా రోములస్ లెక్క పెరుగుతూ తరుగుతూ ఉంటే, ఈ వ్యాసంలో వేసిన అంచనా వీగిపోయినట్టే. అప్పుడు రంగుకు మరో కారణం వెతకాలి.